గోడ కింద దుంప

నేను ఒక గునపాన్ని. కొన్ని ఊళ్ళలో గడ్డపార అంటారు. ఏ పేరుతో పిలిచినా నా పని ఒక్కటే, నేలని ఒప్పించడం. కొడవలికి పదునుంది, గొడ్డలికి పేరుంది. నాకున్నదల్లా బరువు. ఆ బరువు చూసే మనుషులు నన్ను గోడకి ఆనించేసి, ముందు తేలికపాటి వస్తువులతో పని కానిచ్చుకోవాలని చూస్తారు. అవన్నీ ఓడిపోయి, ఇక వేరే దారి లేదని తేలాక ఒక నిట్టూర్పు విడిచి నా దగ్గరికి వస్తారు. పెళ్ళికి పిలవరు గానీ శవం లేవాలంటే కబురు పెడతారన్నట్టుంటుంది నా బతుకు. కాబట్టి నా మాటల్లో కాస్త విసుగు వినిపిస్తే మన్నించండి.

నేను పుట్టింది పిఠాపురం అవతల, రోడ్డు పక్కనున్న అప్పలాచారి కొలిమిలో. అంతకు ముందు ఒక లారీకి ఇరుసుగా ఉండేదాన్నట. ఆ జన్మ నాకు గుర్తు లేదు. ఆచారి భార్య తిత్తి ఆడిస్తుంటే, ఆచారి నన్ను ఎర్రగా కాల్చి, సమ్మెట దెబ్బలతో పొడుగ్గా సాగదీసి, ఒక కొసకి మొన తేల్చి, రెండో కొసని ఉలిలాగ చదును చేశాడు. నీళ్ళతొట్టిలో ముంచినప్పుడు నేను వేసిన కేకకి పక్కన పడుకున్న కుక్క లేచి పారిపోయింది. లోకంలో నేను భయపెట్టిన ప్రాణి అదొక్కటే.

మొదట నన్ను కొన్నవాడు గంగరాజు. బావులు తవ్వేవాడు. అరచేతుల్లో ఉమ్మి వేసుకుని నన్ను ఎత్తాడంటే, నీళ్ళు పడేదాకా దించేవాడు కాదు. వాడి చేతుల్లో ఉన్నన్నాళ్ళూ నాకు గౌరవం తక్కువ కాలేదు. ఆ తర్వాత ఊరూరా బోర్లు వచ్చాయి, బావులు తవ్వించేవాళ్ళు కరువయ్యారు. గంగరాజు కూలిపనికి కాకినాడ తిరగడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం బస్సులో వెనక సీటు కింద నన్ను పెట్టి, దిగేటప్పుడు వదిలేసి పోయాడు. మర్చిపోయాడో, మర్చిపోవాలనుకున్నాడో నాకు తెలీదు.

అదొక ప్రైవేటు బస్సు. దాని కండక్టరు సూరిబాబు. గొడుగులు మర్చిపోయేవాళ్ళని చూశాడు, టిఫిన్ క్యారియర్లు మర్చిపోయేవాళ్ళని చూశాడు గానీ గునపం మర్చిపోయేవాణ్ణి చూడలేదు. వచ్చిపోయే ప్రయాణికుల్ని చాలాకాలం అడిగాడు. ఎవరూ నాదనలేదు. చివరికి నన్ను భుజాన వేసుకుని పెద్దాపురంలో కొండ దిగువ వీధిలో ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళాడు.

అతని భార్య నూకరత్నం గుమ్మంలోనే నన్ను చూసింది.

“వంకాయలు తెమ్మంటే గునపం తెచ్చేరేంటండీ,” అంది.

“ఎప్పుడో దేనికో పనికొస్తదిలే,” అన్నాడు సూరిబాబు.

పెరటి గోడకి నన్ను ఆనించాడు. ఆ “ఎప్పుడో” రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ నేను ఆ గోడకే ఆని, కదలకుండా, ఒక తీగ ఇద్దరాడవాళ్ళ మధ్య స్నేహాన్ని ఎలా మింగిందో చూశాను.

ముందు ఆ పెరడు గురించి చెప్పాలి. నూకరత్నానికి అది పెరడు కాదు, కార్ఖానా. గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు పెట్టి ఆమె బజారులో కొట్లకి వేసేది. సూరిబాబు బస్సు ఒకరోజు తిరిగితే రెండు రోజులు షెడ్డులో ఉండేది కాబట్టి, ఆ ఇల్లు నడిచేది వడియాల మీదే. వడియానికి కావలసింది ఎండ. పొద్దున్నే నులకమంచాల మీద తడిబట్టలు పరిచి, పిండి పెట్టి, సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూ కూర్చునేది. రోట్లో అప్పడాల పిండి దంచీ దంచీ ఆమె భుజాలు గట్టిపడ్డాయి. మాట కూడా కొంచెం గట్టిదే.

గోడకి అవతల దయామణి ఉండేది. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఉద్యోగం మానేసినా తెల్లచీర మానలేదు. రోజూ గంజి పెట్టి, ఇనపతీగ దండెం మీద ఆరేసుకుని, మడత నలగకుండా కట్టుకునేది. రెండిళ్ళ మధ్య గోడ కూడా ఇద్దరూ కలిసి కట్టించుకున్నదే. నిలబడితే తలలు కనబడేంత ఎత్తు. “వదినా” అంటే “వదినా” అనుకుంటూ ఆ గోడ మీంచి కూరగిన్నెలు అటూ ఇటూ ప్రయాణం చేసేవి. సూరిబాబుకి జ్వరమొస్తే దయామణి గోడ మీంచే చెయ్యి చాపి నాడి చూసేది.

ఇంతలో ఎక్కణ్ణుంచో ఆ తీగ వచ్చింది. ఎవరూ నాటలేదు. పక్షి వేసిందో, వానకి కొట్టుకొచ్చిందో. హృదయం ఆకారంలో ఆకులు, గుత్తులు గుత్తులుగా గులాబీరంగు పూలు. మొదటి ఏడు దాన్ని చూసి మురిసిపోయారు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. దయామణి ఆ పూలు కోసి గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టుకుంది. సూరిబాబు అయితే, “ఖర్చు లేని పందిరి,” అని పొంగిపోయాడు. మనుషులకి ఖర్చు లేనిది ఏదొచ్చినా అనుమానం రాదు.

రెండో ఏడు ఆ తీగ జామచెట్టు ఎక్కింది. మూడో ఏడు జామచెట్టు కనబడలేదు. మునగచెట్టుని మింగింది, స్నానాలగది పెంకుల్లోకి దూరింది, పెంకులు ఎత్తి పడేసింది. దయామణి దండెం చుట్టూ పెనవేసుకుంది. వీధిలో స్తంభం నుంచి ఆమె ఇంటికొచ్చే కరెంటు తీగని కూడా పట్టుకుని ఊగింది. నూకరత్నం మంచాల మీద నీడ పడింది. నీడతోపాటు చీమలు, గొంగళిపురుగులు. గాలి వీస్తే చాలు, పచ్చి పిండిలో పూలరేకులు రాలి అతుక్కునేవి. కొట్టువాడు ఒకరోజు సరుకు తిప్పి పంపుతూ, “అమ్మా, మీ వడియాల్లో పూలు ఎయ్యమని మేం అడగలేదు గదా,” అన్నాడట. ఆ మాట నూకరత్నం వారంపాటు తలుచుకుని తలుచుకుని తిట్టింది, కొట్టువాణ్ణి కాదు, తీగని.

సూరిబాబు రంగంలోకి దిగాడు. అంటే, సలహాలు అడగడం మొదలుపెట్టాడు. బస్సు కండక్టరుకి సలహాలకి లోటా. ఒకరు ఉప్పునీళ్ళన్నారు. పోశాడు. తీగ పక్కనున్న కనకాంబరాలు చచ్చిపోయాయి. ఒకరు కిరసనాయిలన్నారు. పోశాడు. వారంపాటు ఇల్లంతా కంపు కొట్టింది, తీగ మాత్రం ఇంకో మూర పెరిగింది. ఒకరు మేకని కట్టమన్నారు. ఎవరి మేకనో తెచ్చి కట్టాడు. అది మంచం మీది అప్పడాలు తిని, తీగ వైపు ఒకసారి చూసి పడుకుంది. చివరికి పురుగుమందుల కొట్లో ఏదో సీసా కొని చల్లాడు. తీగ ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. అందరూ సంతోషించారు. పది అడుగుల దూరంలో ఉన్న కరివేపాకు చెట్టు నిలువునా ఎండిపోయింది. నెల తిరక్కుండా తీగ లేత ఆకులేసుకుని మళ్ళీ వచ్చింది, ఏమీ ఎరగనట్టు.

ఇదంతా నేను పక్కనే నిలబడి చూస్తున్నానన్న సంగతి మర్చిపోకండి. ఆ తీగ ప్రాణం ఆకుల్లో లేదు, కాండంలో లేదు, నేల లోపల ఎక్కడో దుంపలో ఉంది. దాని వేళ్ళు నా మొన కిందినుంచే పాకుతున్నాయి. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. నిజమే, కానీ కళ్ళ ముందు ఇంత అన్యాయం జరుగుతుంటే ఇనుముకైనా దురద పుడుతుంది.

గొడవ ఒక ఆదివారం మొదలైంది. సూరిబాబు కొడవలి పట్టుకుని, తనకి అందినంత తీగ కోసి, ఆ మోపు ఎక్కడ పడెయ్యాలో తోచక గోడ మీంచి అవతలికి విసిరాడు. అవతల అప్పుడే దయామణి గంజి పెట్టిన చీరలు ఆరేసి ఉంది. మోపు సరిగ్గా వాటి మీద పడింది. ఆమె తన వైపు తీగని కత్తెరతో కత్తిరించి, ఆ మోపు కూడా కలిపి ఇవతలికి విసిరింది. అది వడియాల మంచం మీద పడింది.

“మా ఎండ మీద నీ చెత్తేంటి వదినా,” అంది నూకరత్నం.

“నాదేంటి, మీదే మీకు పంపేను. ఆ తీగ మీ పెరట్లోంచే వస్తంది,” అంది దయామణి.

“మా పెరట్లోంచా. మీ వైపు నీళ్ళు పోసి పెంచి, గ్లాసుల్లో పెట్టుకుని ముద్దు చేసింది నువ్వు కదా.”

“ముద్దు చేస్తే చేసేను. మీ ఆయన రోజుకో మందు పోసి బలం పట్టించేడు.”

అంతే. ఆ తర్వాత వదినా అన్న పిలుపు ఆగిపోయింది. కూరగిన్నెలు ఆగిపోయాయి. నూకరత్నం కాకులతో మాట్లాడేది. “కొంతమందికి ఇంటి ముందు శుభ్రం, ఇంటెనక అడివి,” అని గట్టిగా కాకికి చెప్పేది. దయామణి తన పిల్లితో, “లెక్కలేనోళ్ళతో మనకేంటే,” అనేది. కాకికీ పిల్లికీ ఇందులో ఏ సంబంధమూ లేదు. ఇద్దరూ కోసిన మోపులు మాత్రం అటూ ఇటూ ప్రయాణం చేస్తూనే ఉండేవి. పడిన ముక్క పడినచోటే వేరు పట్టేది. తీగకి అంతకంటే మంచి రైతులు ఎక్కడ దొరుకుతారు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి.

మూడో వానాకాలంలో ఒక పొద్దున్న నూకరత్నం సహనం అయిపోయింది. రెండు రోజులు తెరిపిచ్చిందని గుమ్మడి వడియాలు పెట్టింది. పొద్దున్న లేచేసరికి తడిసిన తీగ బరువుకి మునగచెట్టు పెద్ద కొమ్మొకటి విరిగి మంచం మీద పడి ఉంది. చీమలు బారులు తీరాయి. గుమ్మడికాయలు కోసి, తురిమి, పిండి కలిపిన శ్రమంతా మట్టిపాలైంది.  ఆమె లోపలికెళ్ళి మొగుణ్ణి లేపింది.

“ఇయ్యాళ ఆ తీగైనా ఉండాలి, నేనైనా ఉండాలి. లేచి తవ్వండి.”

“వాన తగ్గనీ రత్నం. నేల బురదగా ఉంది. రేపు చూద్దాం,” అన్నాడు సూరిబాబు దుప్పట్లోంచి.

ఆ “రేపు చూద్దాం” ఆమె ఎన్నిసార్లు విన్నదో నేనూ అన్నిసార్లు విన్నాను.  ఆమె కొంగు నడుముకి చుట్టి, సన్నని తుంపరలో పెరట్లోకి వచ్చి, నన్ను గోడ దగ్గర్నుంచి లాగింది. తుప్పు పట్టిన నా ఒళ్ళు ఆమె అరచేతుల్ని గీరింది. లక్ష్యపెట్టలేదు. రోకలి ఎత్తినట్టే నన్ను భుజాల నుంచి ఎత్తి దించింది. గంగరాజు తర్వాత నన్ను ఎత్తడం తెలిసిన చేతులు అవే.

వాన నానబెట్టిన నేల మెత్తగా లొంగింది. వేరు దొరికింది. బొటనవేలంత లావు. దాన్ని పట్టుకుని తవ్వుకుంటూ పోతే అది తిన్నగా గోడ వైపు నడిచింది. నూకరత్నం నడుం నిలబెట్టి, గోడ వైపు చూసి, కాకి కోసం కూడా వెతక్కుండా అంది, “నే చెప్పలేదా, అటునుంచే అని.”

అవతల్నుంచి జవాబు రాలేదు. అంత మాటకి జవాబు రాకపోవడం విడ్డూరం. దానికి బదులు ఒక సన్నని మూలుగు వినబడింది. మాట కాదు, ఏడుపు కాదు. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు.

నూకరత్నం రుబ్బురోలు మీద కాలు పెట్టి గోడ మీంచి తొంగిచూసింది. తడిసిన తీగ బరువుకి కరెంటు తీగ కిందికి వేలాడి, దండెం మీద పడి ఉంది. దయామణి తడుస్తున్న చీర తీస్తూ ఆ దండెం పట్టుకున్న చెయ్యి వదల్లేక నిలబడిపోయి వణుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నూకరత్నాన్ని చూస్తున్నాయి గానీ పెదవులు కదలడం లేదు.

నూకరత్నం చేతిలో నేనున్నాను. మనిషికి చేతిలో ఏముంటే దాన్నే వాడబుద్ధవుతుంది. ఆమె నన్ను గోడ మీదుగా పైకెత్తింది, ఆ దండెం మీద ఒక్క వేటు వెయ్యడానికి. నేను నిలువెల్లా ఇనుము, నా ఒళ్ళంతా వాన నీళ్ళు. ఆ వేటు పడి ఉంటే ఆ పెరళ్ళలో రెండు శవాలు లేచేవి. నేనేం చెయ్యగలను. గాలిలో ఆగిపోవడం నా చేతుల్లో లేదు.

ఆమె ఆగింది. నా వైపు ఒకసారి చూసింది. చూసి నన్ను బురదలోకి విసిరేసింది.

ఇంట్లోకి పరుగెత్తి, వంటింట్లోంచి చెక్కపీట, మూల ఆరి ఉన్న రోకలి తెచ్చింది. మొగుణ్ణి పిలుస్తూ పీటని గోడ మీంచి అవతలికి పడేసి, తను గోడ ఎక్కింది. ఏభై దాటిన మనిషి. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె గోడలెక్కి ఉండదు. దూకి, పీట మీద నిలబడి, రెండు చేతులా రోకలి ఎత్తి దయామణి మణికట్టు మీద కొట్టింది. ఒక దెబ్బకి వదల్లేదు. రెండో దెబ్బకి పట్టు ఊడి, దయామణి వెనక్కి కూలబడింది.

సూరిబాబు అప్పటికి పరుగెత్తుకొచ్చాడు. గోడ మీంచి చూసి, ఆ మనిషి జీవితంలో మొదటిసారి ఎవరినీ సలహా అడక్కుండా, వీధిలోకి పరుగెత్తి లైన్‌మన్‌కి ఫోన్ చేసి కరెంటు ఆపించాడు.

నూకరత్నం దయామణి తలని ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు రుద్దమని మొగుణ్ణి కేకేసింది. తనేమో అరచేతులు రుద్దుతోంది. “వదినా, వదినా,” అంటోంది. కాసేపటికి దయామణి ఊపిరి కుదురుకుంది. ఎడంచేతి వేళ్ళు మెడ మీద పెట్టుకుని తన నాడి తనే చూసుకుంది. ఫరవాలేదనుకుందో ఏమో, అప్పుడు నోరు తెరిచింది.

“చెయ్యి విరగ్గొట్టేవు వదినా.”

“కొడితే కొట్టేనులే. బతికేవు కదా,” అంది నూకరత్నం, అని అప్పుడు ఏడ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. ఆ రోజు ఆ పోటే ప్రాణం నిలబెట్టింది. నేను గోడకి ఇవతల బురదలో పడి ఇదంతా విన్నాను. నా బతుకులో నేను చేసిన గొప్ప పని ఏదని అడిగితే, ఆ రోజు ఏమీ చెయ్యకపోవడమే. అది కూడా నా గొప్ప కాదు, నన్ను పారేసిన ఆమెది.

ఆసుపత్రిలో దయామణి చేతికి కట్టు కట్టారు. తను పనిచేసిన వార్డులోనే మంచం ఇచ్చారట. కట్టు వదులుగా ఉందని అక్కడి నర్సుల చేత మళ్ళీ విప్పించి కట్టించుకుని మరీ వచ్చింది. లైన్‌మన్ వచ్చి వేలాడే తీగని కత్తిరించి, ఈ అడివంతా తీసేదాకా కరెంటివ్వనని చెప్పి పోయాడు. నూకరత్నం ఆమెని తన ఇంటికి తెచ్చుకుంది. నూకరత్నం కలిపి పెడితే, దయామణి ఎడంచేత్తో తింటూ, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పింది. నూకరత్నం ఇంకో గరిటె అదే పులుసు వేసింది. సూరిబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన కంచం పట్టుకుని అరుగు మీదికి పోయాడు.

తెరిపివ్వగానే తవ్వకం మొదలైంది. పైనున్నదంతా కోసి పోగుపెట్టడానికే ఒక పూట పట్టింది. అప్పుడు బయటపడిన జామచెట్టుని చూసి సూరిబాబు, “ఇది మనదేనా,” అన్నాడు. తర్వాత నన్ను పట్టుకున్నాడు. కొంచెంసేపటికే అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా వదల్లేదు. అతను అలసిపోతే నూకరత్నం, ఆమె అలసిపోతే అతను. దయామణి ఏ వైపు తవ్వితే ఆ వైపు కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అజమాయిషీ చేసింది. ఇటువైపు గొయ్యి అయ్యాక అటువైపు కూడా తవ్వారు. వేరు అటునుంచి కూడా గోడ వైపే నడిచింది.

“చూసేవా, మీ వైపుకే పోతంది,” అంది దయామణి.

“ఇటునుంచి చూస్తే మీ వైపుకి పోతంది మరి,” అంది నూకరత్నం.

మళ్ళీ మొదలయ్యేటట్టుందని సూరిబాబు నన్ను నేలలో గుచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నూకరత్నం ఇవతలి గోతిలో బోర్లా పడుకుని గోడ పునాది కిందికి చెయ్యి పోనిచ్చింది.

“ఏదో ఉంది వదినా. పెద్దది. నువ్వటునుంచి పట్టుకుని చూడు.”

దయామణి అవస్థపడి కుర్చీ దిగి, అవతలి గోతి అంచున కూర్చుని, బాగున్న చెయ్యి లోపలికి పెట్టింది.

“ఇదా. సన్నంగా ఉంది. చల్లగా ఉంది.”

“లాగు.”

లాగింది.

“అది దుంప కాదు,” అంది నూకరత్నం. “నా వేలు.”

ఇద్దరూ నవ్వారు. చాలా ఏళ్ళయింది ఆ పెరళ్ళలో ఆ నవ్వులు విని. దయామణి నవ్వలేక నవ్వుతూ కట్టు ఒత్తుకుని, “అబ్బా,” అంది. ఇద్దరూ మాత్రం చేతులు వెంటనే బయటికి తియ్యలేదు.

దుంప అటూ కాదు, ఇటూ కాదు, గోడ కింద ఉంది. గోడ నీడలో చల్లగా కూర్చుని, రెండు వైపులకీ తీగలు పంపుతోంది. దాన్ని తియ్యాలంటే గోడ తియ్యాలి. సూరిబాబు గోడ పునాది, మేస్త్రీ, సిమెంటు అంటూ ఏదో ఎత్తుకోబోయాడు. నూకరత్నం అతని వైపు చూసింది. అతను ఆగి, నన్ను తీసుకుని, ఇటికల సందులో నా చదును కొస దూర్చి ఎత్తాడు. మొదటి ఇటిక ఊడి దయామణి వైపు పడింది.

నేల తవ్వడం నాకు పని. పునాది రాయి పెకలించడం నాకు శిక్ష. ఆ రాళ్ళకి తగిలి తగిలి నా మొన మొండివారింది. కానీ దుంప బయటపడ్డప్పుడు అందరూ నోరు తెరిచి చూశారు. ఒకటి కాదు, గుత్తి. నడిమిది గుమ్మడికాయంత ఉంది, దాని చుట్టూ చిలగడదుంపల్లాంటివి బోలెడు. ఎవరు నాటారీ పీడని అన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి సూరిబాబు వైపు చూశారు.

“నావైపు చూస్తారేంటి,” అన్నాడతను.

ఎవరు నాటారో నాకూ తెలీదు. తెలిసినా చెప్పను. ఇద్దరి మధ్య గోడ కట్టాక దాని కింద పెరిగేదాన్ని ఎవరూ నాటక్కర్లేదు.

దుంపల్ని ఈసారి ఎవరి పెరట్లోకీ విసరలేదు. అరుగు మీద ఎండబెట్టి, ముడుచుకుపోయాక మంట పెట్టారు. దయామణి ఇంటికి కరెంటొచ్చింది. ఎండ మళ్ళీ మంచాల మీద పడింది. గోడ కట్టాలా వద్దా అని చాలారోజులు చర్చ జరిగింది. చివరికి మోకాలెత్తున కట్టించారు. ఎందుకంటే, గోడ ఎత్తుగా ఉంటే అవతల ఏం మొలుస్తోందో కనబడదని దయామణి అంది. ఇంకోటి, కూర్చోడానికి బాగుంటుందని నూకరత్నం అంది. సాయంత్రాలు ఇద్దరూ దాని మీద చెరోవైపు కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఎక్కడైనా మొలక కనబడుతుందేమోనని చూస్తూ, ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ మాట్లాడుకునేవారు.

ఇక నా సంగతి. ఒక ముసురు రోజున సూరిబాబుకి పకోడీలు తినాలనిపించింది. ఇంట్లో ఉల్లిపాయలు లేవు, నూకరత్నమూ లేదు. వీధిలో బండివాడు, “పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలూ,” అని అరుస్తూ వచ్చాడు. ఒక చిల్లు బకెట్టు, ఒక సైకిలు చక్రం, వాటితోపాటు నేను. ఏరు దాటి తెప్ప తగలేశాడు. ఆ సాయంత్రం నూకరత్నం ఆ పకోడీలు తిని బాగున్నాయందట. ఉల్లిపాయలెక్కడివని అడగలేదట.

ఇప్పుడు నేను మస్తాన్ పాత ఇనుము కొట్లో ఒక గుట్ట మీద ఉన్నాను. నా చుట్టూ విరిగిన నాగళ్ళు, కుట్టుమిషను కాళ్ళు, ఎవరి ఇంటివో కిటికీ ఊచలు. ప్రతివాడికీ ఒక కథ ఉంది, వినేవాడే లేడు. త్వరలో లారీ వస్తుందట, మమ్మల్నందర్నీ కరగబెడతారట. మొన్న తొలకరి పడిన మర్నాడు మాత్రం ఒక విశేషం జరిగింది.

నూకరత్నం, దయామణి ఇద్దరూ కొట్లోకి వచ్చారు. మోకాలెత్తు గోడ పక్కన హృదయం ఆకారంలో ఆకు ఒకటి తల ఎత్తిందట. తవ్వుదామని వెతికితే నేను లేను. సూరిబాబు చేత నిజం కక్కించి, తిన్నగా ఇక్కడికి వచ్చారు.

“మీకేది కావాలో మీరే ఏరుకోండమ్మా,” అన్నాడు మస్తాన్.

దయామణి నన్ను వెంటనే గుర్తుపట్టింది. “ఇదిగో వదినా మనది. దుంప తీసింది ఇదే.”

నూకరత్నం నన్ను బయటికి లాగింది. ఆ అరచేతుల పట్టు నాకు తెలుసు. మొన మీద బొటనవేలు పెట్టి రాసి చూసింది. తర్వాత గుట్టలోంచి ఇంకో గునపం లాగింది. నాకంటే కుర్రది. నిటారుగా ఉంది, మొన చురుగ్గా ఉంది. దాన్ని ఒకసారి ఎత్తి నేలలో దించింది. జానెడు దిగింది.

“దీన్ని తీసుకుందాం,” అంది.

“మరి మనది?”

“దీని మొన అరిగిపోయింది చూడు. దీంతో నేల గోకాలి తప్ప తవ్వలేం. తవ్వేదే మనది, వదినా.”

నన్ను మళ్ళీ గుట్టలోకి విసరలేదు. కొంగుతో ఒకసారి తుడిచి, పైన ఆనించి పెట్టింది. నాకు కోపం వచ్చి ఉండాలి, రాలేదు. ఆ మాట గంగరాజు కూడా అనేవాడేమో. నేను కూడా అనేదాన్నేమో, నాకు చేతులుంటే.

వాళ్ళు గేటు దాటకముందే గొడవ మొదలైంది. కొత్త గునపం ఎవరింట్లో ఉండాలని. “మా పెరట్లోనే ఉంటది, నేను కదా ఎత్తేది,” అంటోంది నూకరత్నం.

“మీ ఆయన ఉన్న ఇంట్లో ఇనుం నిలవదు వదినా,” అంది దయామణి.

అది నిజమేనని నేనూ అనేదాన్నే. నన్నెవరూ అడగలేదు.